చాసిస్ ఒకటే, బాడీలు వేరు: లినక్స్‌లో డెస్క్‌టాప్ మారిస్తే నిజంగా మారేదేమిటి?

మావయ్య స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. గాజువాకలో ఇల్లు. 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మధ్యలో వేయించిన ఎస్ఎస్‌డీ. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. భద్రతా అప్‌డేట్లు కావాలని నమోదు చేసుకున్న ఇంటివాడుకదారులకు 2026 అక్టోబర్ 13 దాకా అందుతాయి, అంతే. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ పైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. "బండి బాగానే నడుస్తుంటే షెడ్డుకి తోసీమంటారేట్రా?" అన్నాడు మావయ్య.

లినక్స్ ఎక్కిద్దామని తేల్చుకున్నాక అసలు గందరగోళం మొదలైంది. ఆయన నాలుగు వీడియోలు చూశాడు. ఒకదాంట్లో లినక్స్ మ్యాక్‌లా ఉంది, ఇంకోదాంట్లో అచ్చం విండోస్‌లా ఉంది, మూడోదాంట్లో విండోలు వాటంతట అవే గళ్ళుగా సర్దుకుంటున్నాయి. "ఇందులో అసలు లినక్స్ ఏదిరా?" అని అడిగాడు. ఈ ప్రశ్న ఎంత సూటిదో దానికి జవాబు అంత సూటిది కాదు. కాస్మిక్ అనే సరికొత్త డెస్క్‌టాప్ 2025 డిసెంబర్‌లో స్థిరమైన తొలి విడుదలతో బయటికొచ్చాక, పాత డెస్క్‌టాప్‌లు కూడా లోపలి పునాది మార్చుకుంటున్నాక, ఆ ప్రశ్న మావయ్య ఒక్కడిదే కాకుండా పోయింది.

## ఆటోనగర్‌లో లారీ కట్టినట్టు

గాజువాక ఆటోనగర్ వైపు తిరిగినవాళ్ళకి లారీ ఎలా తయారవుతుందో చెప్పక్కర్లేదు. కంపెనీ నుంచి చాసిస్ వస్తుంది. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు, స్టీరింగు అన్నీ దానిమీదే ఉంటాయి, నడపడానికి అవి చాలు. బాడీ, లోపలి సీట్లు, రంగులు మాత్రం ఓనరు తనకు కావలసినట్టు కట్టించుకుంటాడు. ఇసుక తోలేవాడి బాడీ వేరు, చేపల లోడు వేసేవాడి బాడీ వేరు. చాసిస్ ఒకటే.

లినక్స్ అంటే నిక్కచ్చిగా ఆ చాసిస్ మాత్రమే. దాన్ని కెర్నల్ అంటారు, 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. కంటికి కనిపించే బాడీ పేరు డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్ఎఫ్‌సీఈ, సినమన్, మాటే, కాస్మిక్ ఇవన్నీ అలాంటి బాడీలే. చాసిస్ తెచ్చి, బాడీ బిగించి, కాగితాలతో సహా రోడ్డు మీద పెట్టి ఇచ్చే షెడ్డు లాంటిది డిస్ట్రో: ఉబుంటు, ఫెడోరా, డెబియన్, లినక్స్ మింట్ వగైరా.

బాడీ కూడా ఒక్క ముక్క కాదు. ప్రతి విండో ఎక్కడ ఉండాలో, దేని వెనుక ఏది దాగాలో చూసుకునేది విండో మేనేజర్. అన్ని విండోల బొమ్మల్నీ కలిపి ఒకే చిత్రంగా తెరమీదికి పంపేది కంపోజిటర్. ఇవాళ చాలా డెస్క్‌టాప్‌లలో ఈ రెండు పనులూ ఒకే ప్రోగ్రాం చేస్తుంది. అప్లికేషన్లకి బటన్లు, మెనూలు, స్క్రోల్ పట్టీలు గీసిపెట్టే సరుకు టూల్‌కిట్. గ్నోమ్‌కి జీటీకే, కేడీఈకి క్యూటీ, కాస్మిక్‌కి రస్ట్ భాషలో రాసిన ఐస్డ్. అప్లికేషను, తెర ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష డిస్‌ప్లే ప్రోటోకాల్. పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. వీటి మీద ప్యానెల్, సెట్టింగుల పేజీ, ఫైల్ మేనేజర్ వంటివి కూర్చుంటాయి.

లారీ పోలిక ఒకచోట తెగిపోతుంది. ఒక చాసిస్‌కి రెండు బాడీలు కట్టలేం. లినక్స్‌లో మాత్రం ఒకే కంప్యూటర్లో నాలుగు డెస్క్‌టాప్‌లు పెట్టుకుని, లాగిన్ తెరమీద ఇవాళ ఏది కావాలో ఎంచుకోవచ్చు. ఈ సౌకర్యమే ముందు ముందు ఒక చిక్కుకి కూడా కారణమవుతుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ పొరల గురించే. కొత్త డెస్క్‌టాప్ "బాగుంది", "బాగోలేదు" అని మనం అనే మాటల్లో సగం డెస్క్‌టాప్‌కి సంబంధించినవే కావు. తప్పు ఏ పొరదో తేలితే దాన్ని సరిచేయొచ్చా, ఓర్చుకోవాలా, బాడీనే మార్చాలా అన్నది దానంతట అదే తేలుతుంది.

## ఇన్ని బాడీలు ఎందుకు పుట్టాయి

చరిత్ర చూస్తే దాదాపు ప్రతి కొత్త డెస్క్‌టాప్ వెనుకా, పాతదాంట్లో ఎవరికో మూసుకుపోయిన తలుపు ఒకటి కనిపిస్తుంది. 1996 అక్టోబర్‌లో మతియాస్ ఎట్రిచ్ కేడీఈని ప్రకటించాడు. అది ఆధారపడిన క్యూటీ లైసెన్సు అప్పట్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిబంధనలకి సరిపడలేదు. ఆ కారణంగానే 1997 ఆగస్టులో మిగెల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా గ్నోమ్‌ని మొదలుపెట్టారు. తర్వాత 2000లో క్యూటీ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కిందికి రావడంతో ఆ గొడవ తీరింది కానీ, అప్పటికే రెండు లోకాలు ఏర్పడిపోయాయి.

2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. కింద పట్టీ, మెనూ ఉన్న పాత పద్ధతిని వదిలేసి పూర్తిగా కొత్త రూపం తీసుకుంది. అది నచ్చనివారిలో కొందరు గ్నోమ్ 2 కోడ్‌నే తీసుకుని మాటే పేరుతో కొనసాగించారు. లినక్స్ మింట్ బృందం సినమన్ తయారుచేసుకుంది. ఉబుంటు తన యూనిటీతో వేరే దారిన వెళ్ళి, 2017లో తిరిగి గ్నోమ్ గూటికే చేరింది.

కాస్మిక్ కథా ఇదే కోవలోది. అమెరికాలోని డెన్వర్‌లో లినక్స్ కంప్యూటర్లు అమ్మే సిస్టమ్76 సంస్థ, తన పాప్ ఓఎస్‌లో గ్నోమ్‌కే ఎక్స్‌టెన్షన్లు (పైనుంచి తగిలించే అదనపు ముక్కలు) తగిలించి 2021లో కాస్మిక్ అని పేరు పెట్టింది. కానీ ఆ ఎక్స్‌టెన్షన్లు గ్నోమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్ళీ సరిచేసుకోవాల్సినవి. చివరికి ఎవరిదో బాడీకి అతుకులు వేయడం మానేసి సొంతంగా రస్ట్‌లో రాసుకోవడానికి సిద్ధపడింది. తొలి ఆల్ఫా 2024 ఆగస్టులో వచ్చింది, స్థిర విడుదల 2025 డిసెంబర్‌లో.

దీనిమీద రెండు వాదనలున్నాయి, రెండింట్లోనూ పస ఉంది. ఉన్న డెస్క్‌టాప్‌లకే మనుషులు చాలడం లేదు, ఇంకొకటి పుడితే శ్రమ చీలిపోతుంది, అంధులకు తెర చదివిపెట్టే సౌకర్యాలు, భాషల మద్దతు లాంటి ఓపిక కావలసిన పనులు మళ్ళీ మొదటికొస్తాయి అన్నది ఒకటి. ఎవరి కోడ్ మీదా ఆధారపడకుండా కొత్తగా కడితేనే పాత బరువులు వదులుతాయి, అందులోంచి పుట్టిన ముక్కల్ని అందరూ వాడుకోవచ్చు అన్నది ఇంకొకటి. కాస్మిక్ కంపోజిటర్‌కి పునాది అయిన స్మితే అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకునే సిద్ధమైన కోడ్) ఈ రెండో మాటకి మంచి సాక్ష్యం, దాన్ని వేరే ప్రాజెక్టులు కూడా వాడుతున్నాయి. తెలుగు టైపు చేసుకునేవాడిగా నాకు మొదటి వాదన బరువు ఎక్కువ తెలుస్తుంది. ఎందుకో కిందికి వెళ్తే మీకే అర్థమవుతుంది.

## పునాది కింద జరుగుతున్న మార్పు: ఎక్స్11 నుంచి వేలాండ్‌కి

ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో పుట్టింది. 11వ వెర్షన్ 1987లో వచ్చింది, దాన్నే ఎక్స్11 అంటున్నాం. అది రాసిన రోజుల్లో ఒకే తెరమీది ప్రోగ్రాములు ఒకదాన్నొకటి నమ్మేవి. అందుకే ఎక్స్11లో ఒక ప్రోగ్రాం, పక్క విండోలో మీరు కొడుతున్న అక్షరాల్ని వినగలదు, తెరంతా చూడగలదు. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఇది ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో ప్రతి అప్లికేషను కంపోజిటర్‌తోనే మాట్లాడుతుంది. పక్కవాడి విండో దానికి కనిపించదు. తెరను షేర్ చేయాలంటే పోర్టల్ అనే మధ్యవర్తి మిమ్మల్ని అడిగి, అనుమతి తీసుకుని, వీడియో, శబ్దాల్ని మోసే పైప్‌వైర్ ద్వారా బొమ్మను పంపుతుంది.

ఇప్పుడు ఇది వార్త ఎందుకైందంటే, 2025 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఎక్స్11 సెషన్ (లాగిన్ అయ్యేటప్పుడు ఎక్స్11ని ఎంచుకునే వీలు) లేదు. ప్లాస్మా 6.8 నుంచి తమ దగ్గరా ఉండదని కేడీఈ అదే ఏడాది నవంబర్‌లో ప్రకటించింది. కాస్మిక్ పుట్టడమే వేలాండ్ మీద పుట్టింది. ఎక్స్11 కోసం రాసిన పాత అప్లికేషన్లు మాత్రం ఎక్స్‌వేలాండ్ అనే వంతెన మీదుగా వీటన్నిట్లో నడుస్తాయి. మరోవైపు ఎక్స్ఎఫ్‌సీఈ, సినమన్‌లలో వేలాండ్ ఇంకా ప్రయోగ దశలోనే చేరి, ఎక్స్11 ప్రధానంగా కొనసాగుతోంది.

వేలాండ్‌ని వ్యతిరేకించేవాళ్ళంతా మార్పంటే గిట్టనివాళ్ళని కొట్టిపారేయడం సరికాదు. ఎక్కడి నుంచైనా పనిచేసే షార్ట్‌కట్లు, తెరను రిమోట్‌గా నడిపే సాధనాలు, తన విండోని తనే ఫలానా చోట పెట్టుకునే అప్లికేషన్లు ఎక్స్11 ఇచ్చిన ఆ స్వేచ్ఛ మీదే బతికాయి. పాత ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులది ఇంకో బాధ. వాటిలో కొన్నింటికి 390 సిరీస్ డ్రైవరే ఆఖరిది. వేలాండ్ కంపోజిటర్లు ఆధారపడే జీబీఎం అనే, తెర బొమ్మలకి గ్రాఫిక్స్ మెమరీ కేటాయించే సదుపాయం ఎన్విడియాలో 495 సిరీస్ డ్రైవర్‌తో గానీ రాలేదు. అలాంటి కార్డున్న కంప్యూటర్లో కొత్త గ్నోమ్ తెర చిమ్మచీకటిగా ఉంటే, గ్నోమ్‌ని తిట్టి లాభం లేదు. తేడా బాడీలో కాదు, చాసిస్‌కీ బాడీకీ మధ్య బిగించే బోల్టుల్లో ఉంది.

## పరీక్షించే దారులు, అవి దాచే నిజాలు

కొత్త డెస్క్‌టాప్‌ని ఉన్న సిస్టమ్ చెడగొట్టకుండా చూడటానికి నాలుగు దారులున్నాయి. ప్రతిదీ కొంత నిజం చెబుతుంది, కొంత దాస్తుంది.

అందరికీ తెలిసినది లైవ్ యూఎస్‌బీ. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా మొత్తం డెస్క్‌టాప్ కళ్ళముందుంటుంది. వైఫై, బ్లూటూత్, టచ్‌ప్యాడ్, స్పీకర్, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి ఇంతకు మించినది లేదు. కానీ వేగం గురించి అది చెప్పే మాట నమ్మకూడదు. ఫైళ్ళన్నీ కుదించిన రూపంలో పెన్‌డ్రైవ్ మీద ఉంటాయి, ప్రతి అప్లికేషనూ అక్కడినుంచి విప్పుకుంటూ రావాలి. పైగా మీరు చేసిన మార్పులు ర్యామ్‌లోనే ఉండి, ఆపగానే పోతాయి. మావయ్య మొదటిరోజు "ఇది నత్తలా ఉందేట్రా" అన్నది ప్లాస్మా గురించి కాదు, రెండొందల రూపాయల పెన్‌డ్రైవ్ గురించి.

వర్చువల్ మెషీన్ అంటే విండోస్‌లోనో, ఉన్న లినక్స్‌లోనో ఒక విండో లోపల ఇంకో కంప్యూటర్ నడిపించడం. మెనూలు, సెట్టింగులు తిరిగి చూడటానికి హాయిగా ఉంటుంది. గ్రాఫిక్స్ విషయంలో మాత్రం మోసపోతాం. 3డీ వేగవర్ధనం లోపలికి అందకపోతే గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసరే చేస్తుంది, ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు ఎల్ఎల్‌వీఎంపైప్. విండో జరిపితే తెర కొట్టుకుంటుంది. అది చూసి కాస్మిక్ బరువనుకోవడం పొరపాటు. మూత మూస్తే నిద్రపోవడం, ప్రొజెక్టర్ తగిలిస్తే గుర్తుపట్టడం లాంటివి ఇందులో పరీక్షించనే లేం.

మూడోది, ఉన్న లినక్స్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ ప్యాకేజీలు వేసి లాగిన్ తెరలో ఎంచుకోవడం. వేగం, బ్యాటరీ, నిద్ర అన్నీ అసలు రూపంలో కనిపిస్తాయి. కానీ లారీ పోలిక తెగిన చోటు ఇదే. రెండు బాడీలూ ఒకే హోమ్ ఫోల్డర్లోని సెట్టింగుల్ని పంచుకుంటాయి. ఒకదాంట్లో మార్చిన ఐకాన్లు, ఫాంట్లు, మౌస్ బాణం ఇంకోదాంట్లో వచ్చి కూర్చుంటాయి. మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెక్స్ట్ ఎడిటర్లు. పీడీఎఫ్ నొక్కితే ఏది తెరుస్తుందో చెప్పలేం. కొందరు "ప్లాస్మా వేసినప్పటి నుంచి నా గ్నోమ్ చెడింది" అనేది ఈ కలగాపులగం వల్లే.

అందుకే అదే కంప్యూటర్లో కొత్త యూజర్ ఖాతా తెరిచి, కొత్త డెస్క్‌టాప్‌లోకి ఆ ఖాతాతోనే వెళ్ళడం నాకు అన్నిట్లోకీ నిజాయితీగల పరీక్ష అనిపిస్తుంది. యంత్రం అసలుది, సెట్టింగులు శుభ్రం. నచ్చకపోతే ఖాతా తీసేస్తే దాని సెట్టింగులూ పోతాయి, ప్యాకేజీలు మాత్రం విడిగా తొలగించాలి.

ర్యామ్ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే డెస్క్‌టాప్‌ల పోటీలన్నీ చివరికి ఆ అంకె మీదికే వస్తాయి. లినక్స్ ఖాళీగా ఉన్న మెమరీని ఊరికే వదలదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్ళని అందులో దాచుకుంటుంది. అప్లికేషను అడగగానే ఖాళీ చేసి ఇస్తుంది. కాబట్టి ఎంత "ఖాళీ" ఉందన్నది కాదు, ఎంత "అందుబాటులో" ఉందన్నది చూడాలి. ఫ్రీ అనే కమాండ్ ఈ రెండింటినీ వేర్వేరు గడుల్లో చూపిస్తుంది. 8 జీబీ ఉన్న మావయ్య ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్‌ల మధ్య తేడా కంటే, బ్రౌజర్లో తెరిచి ఉంచే పది ట్యాబుల బరువే ఎక్కువ. 4 జీబీ ఉన్నవాళ్ళకి మాత్రం ఎక్స్ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ లాంటి తేలికపాటివి నిజంగానే తేడా చూపిస్తాయి.

## తెలుగు పరీక్ష

వీడియోల్లో ఎవరూ చేయని పరీక్ష ఇది. మనకి మాత్రం ఇదే మొదటిది కావాలి.

ముందు తెలుగు చూపించడం. తెలుగు 1991లో, ప్రతి లిపి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే చేరింది, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా దాని స్థానం. కంప్యూటర్‌కి "స్త్రీ" అంటే ఒక అక్షరం కాదు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు సంకేతాలు. వీటిని కలిపి ఒత్తులతో సహా పేర్చే పని షేపింగ్ ఇంజన్‌ది. గ్నోమ్, కేడీఈ రెండూ హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్ మీద ఆధారపడతాయి. అది ఏళ్ళ తరబడి భారతీయ లిపుల మీద నలిగినది. అక్షరాల పని కూడా సొంతంగా చేసుకునే కాస్మిక్ లాంటి కొత్త డెస్క్‌టాప్‌ని చూసినప్పుడు లక్ష్మి, స్త్రీ, జ్ఞానం, ఖడ్గం, కార్త్స్న్యం లాంటి మాటలు అన్నిచోట్లా ఒకేలా పడుతున్నాయా అని చూడాలి: ఫైల్ పేర్లలో, విండో శీర్షిక పట్టీలో, నోటిఫికేషన్లలో. శ్రమ చీలిపోతుందన్న వాదన నాకు బరువుగా తోచింది ఇందుకే. పాతవాటిలో ఎవరో ఎప్పుడో పడ్డ శ్రమ కొత్తదానికి ఊరికే రాదు.

అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లేకపోవడం, డెస్క్‌టాప్ తప్పు కాదు. నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు, పోతన వంటిది ఒకటి వేస్తే తీరుతుంది. ఏ భాషకి ఏ ఫాంటో చూసే ఫాంట్‌కాన్ఫిగ్ డెస్క్‌టాప్‌కి కింది పొర కాబట్టి, అక్కడ ఒకసారి సరిచేస్తే అన్నిట్లోనూ సరే. ఒత్తుల అడుగు తెగిపోవడం మాత్రం పై పొర తప్పు. మన అక్షరాలకి పైన తలకట్టు, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లిషు అక్షరం ఎత్తు చూసుకుని కట్టిన సన్నని ప్యానెల్‌లో, బటన్లో "కృష్ణ" ఒత్తు కోసుకుపోతుంది. ప్యానెల్ ఎత్తు పెంచుకునే వీలు ఉందా అన్నది ఇక్కడ సోకు ప్రశ్న కాదు, చదవగలగడం ప్రశ్న.

తరువాత టైపింగ్. మావయ్యకి ప్లాస్మా బాగా నచ్చింది. మూడోరోజు ఫోన్ చేశాడు: "అంతా బావుంది గానీ, నా తెలుగు ఎక్కడికి పోయిందిరా?" ప్లాస్మాకి ముందు పరీక్షగా వాడి చూసిన ఎక్స్ఎఫ్‌సీఈలో ఆయన ఐబస్ అనే ఇన్‌పుట్ ప్రోగ్రాంతో రోమన్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకునేవాడు. అదే ల్యాప్‌టాప్, అదే ఐబస్. ప్లాస్మాలో ఎన్ని నొక్కినా ఇంగ్లిషే.

పొరలవారీగా చూశాం. వార్తల సైట్లలో తెలుగు చక్కగా కనిపిస్తోంది, కాబట్టి ఫాంటు, షేపింగ్ సరే. ఐబస్ నడుస్తూనే ఉంది. మిగిలింది మధ్యదారి. ఎక్స్11లో ఇన్‌పుట్ పద్ధతి నేరుగా అప్లికేషన్‌తో మాట్లాడుకునేది. వేలాండ్‌లో కీబోర్డు కంపోజిటర్ చేతిలో ఉంటుంది, అది దారి ఇస్తేనే ఐబస్‌కి అక్షరాలు అందుతాయి. ప్లాస్మాలో ఆ దారి ఇచ్చే మీట "వర్చువల్ కీబోర్డ్" అనే పేజీలో ఉంది. ఆ పేరు చూసి తెరమీది కీబోర్డు అనుకుంటారే తప్ప, తెలుగు ఇక్కడ దాగి ఉంటుందని ఎవరికి తడుతుంది? అక్కడ ఐబస్‌ని ఎంచుకోగానే మావయ్య తెలుగు తిరిగొచ్చింది. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ అమరిక వచ్చినవాళ్ళకి ఈ బాధ లేదు. సిస్టమ్‌లో ముందే ఉన్న తెలుగు కీబోర్డు అమరికని కంపోజిటరే చూసుకుంటుంది, ఐబస్‌తో పని పడదు.

ఇంకొక చిన్న అక్షరం ఉంది, అసలు కనిపించనే కనిపించదు. జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకుండా "సాఫ్ట్‌వేర్" అని కొడితే "సాఫ్ట్వేర్" అయి, వ కాస్తా ట కింద ఒత్తుగా దిగిపోతుంది. ఇవాళ మనం రాసే తెలుగులో ఇంగ్లిషు మాటలు ఎన్నో కాబట్టి ప్రతి పంక్తిలోనూ దీని అవసరం పడుతుంది. మీ అమరికలో దీనికి మీట ఎక్కడుందో చూసుకోవాలి. ఫైల్ పేర్ల దగ్గర ఇది మరీ ముఖ్యం: ఈ అక్షరం ఉన్న పేరు, లేని పేరు మన కంటికి దాదాపు ఒకటే అనిపించినా కంప్యూటర్‌కి రెండు వేర్వేరు ఫైళ్ళు.

## మార్చుకోవడంలో ఎంత లోతుకి దిగుతున్నాం

వాల్‌పేపర్, ముదురు రంగు, ఫాంటు సైజు, ప్యానెల్ ఎక్కడుండాలి లాంటివి పైపూత. సెట్టింగుల పేజీలో ఉన్నవేవైనా తయారుచేసినవాళ్ళు బాధ్యత తీసుకున్నవే. అప్‌డేట్ తర్వాత కూడా నిలుస్తాయి.

దాని కింద థీములు. ఇక్కడ పెద్ద తగువే ఉంది. 2019లో గ్నోమ్ అప్లికేషన్లు రాసే కొందరు, తమ అప్లికేషన్లకి డిస్ట్రోలు ఇష్టం వచ్చిన థీములు తొడగొద్దని బహిరంగ లేఖ రాశారు. నల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలు వచ్చి, ఆ ఫిర్యాదు తమ మెడకి చుట్టుకుంటోందని వాళ్ళ బాధ. 2022లో గ్నోమ్ 42తో వాడుకలోకి వచ్చిన లిబ్‌అద్వైత (గ్నోమ్ అప్లికేషన్ల రూపాన్ని నిర్ణయించే లైబ్రరీ) ఆ ధోరణిని గట్టిపరిచింది, అప్లికేషన్లు బయటి థీముల్ని పట్టించుకోవడం మానేశాయి. చివరికి 2024 సెప్టెంబర్‌లో గ్నోమ్ 47 కొన్ని రంగుల్లోంచి ఒకటి ఎంచుకునే వీలిచ్చింది. కంప్యూటర్ నాదైనప్పుడు రూపం నా ఇష్టం కాదా అని వాడుకరులు అడిగితే అదీ న్యాయమే. కేడీఈ ఈ రెండో పక్షం. బటన్ల ఆకారం నుంచి విండో నీడ దాకా అన్నీ మీటలే. కాస్మిక్ మధ్యలో నిలిచింది: రంగులు, మూలల గుండ్రం, విండోల మధ్య ఖాళీ సెట్టింగుల్లోనే ఇచ్చి, అవే రంగుల్ని గ్నోమ్ అప్లికేషన్లకీ పూసే మీట పెట్టింది.

అంతకన్నా లోతున ఎక్స్‌టెన్షన్లు. థీము పూత అయితే ఎక్స్‌టెన్షన్ బాడీలో వేసిన వెల్డింగు. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లు తెర మొత్తాన్ని నడిపే గ్నోమ్ షెల్ లోపలే నడుస్తాయి, ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు తెగే ప్రమాదం ఉంటుంది. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 మాడ్యూళ్ళ పద్ధతి మార్చినప్పుడు పాత ఎక్స్‌టెన్షన్లన్నిటినీ తిరగరాయాల్సొచ్చింది. కాస్మిక్‌లో ప్యానెల్ మీది ఆప్లెట్లు (గడియారం, శబ్దం లాంటి చిన్న సాధనాలు) దేనికది విడి ప్రోగ్రాం కావడం వల్ల ఒకటి చచ్చినా మొత్తం తెర కూలదు.

లోతుకి దిగేకొద్దీ భద్రత ప్రశ్న కూడా పెరుగుతుంది. 2024 మార్చిలో ఒక వాడుకరి కేడీఈ స్టోర్ నుంచి ఒక గ్లోబల్ థీమ్ దించుకుంటే, అందులోని కోడ్ ఆయన ఫైళ్ళన్నీ చెరిపేసింది. దురుద్దేశం కాదు, రాయడంలో పొరపాటు. గ్లోబల్ థీము అంటే వట్టి రంగులు కాదు, అందులో నడిచే కోడ్ ఉంటుందని కేడీఈ అప్పుడు జనాన్ని హెచ్చరించింది. థీము అన్న మాటే దాన్ని హాని లేనిదిగా చూపిస్తుంది. ఫైళ్ళకి వేరే కాపీ లేకుండా అలాంటిది వేయడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

ఈ మార్పులన్నీ ఎక్కడ నిలవ ఉంటాయో తెలిస్తే ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్ళడం సులువు. కేడీఈ, ఎక్స్ఎఫ్‌సీఈ, కాస్మిక్ మూడూ హోమ్ ఫోల్డర్లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్లోనే చదవగలిగే ఫైళ్ళుగా రాస్తాయి. గ్నోమ్ డీకాన్ఫ్ అనే డేటాబేస్‌లో దాస్తుంది, దాన్ని పాఠ్యంగా బయటికి తీసే కమాండ్ ఉంది.

## ఇద్దరి అవసరాలు, రెండు జవాబులు

మా పక్కింటమ్మాయి మధురవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఎడమవైపు కోడ్, కుడివైపు బ్రౌజర్, కింద టెర్మినల్. రోజంతా విండోలు సర్దుకోవడమే పని. ఆమెకి కాస్మిక్ నచ్చడానికి కారణం రంగులు కాదు. సూపర్ కీ (కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట)తో వై నొక్కితే విండోలు వాటంతట అవే గళ్ళుగా సర్దుకుంటాయి, మళ్ళీ నొక్కితే మామూలుగా తేలతాయి. ఒక వర్క్‌స్పేస్‌లో అలా, ఇంకోదాంట్లో ఇలా ఉంచుకోవచ్చు. కాలేజీ ప్రొజెక్టర్‌తో, మూత మూసి ఎంవీపీ కాలనీలో బస్సెక్కి మధురవాడలో తెరిచి, రెండు వారాలు చూశాకే నిర్ణయించుకుంది.

జగదాంబ దగ్గర శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపతను కూడా ఇదే అడిగాడు. ఆయన పనంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్. అను యూనికోడ్ కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన పద్ధతి. కొట్టడానికి విండోస్‌లో నడిచే స్క్రిప్ట్ మేనేజర్ కావాలి. ఇరవై ఏళ్ళ పాత ఫైళ్ళన్నీ అందులోనే. ఆయనకి గ్నోమా, ప్లాస్మానా అన్నది అసలు ప్రశ్నే కాదు. అడ్డంకి బాడీకి పైన, లోడులో ఉంది. ఏ డెస్క్‌టాప్ మార్చినా అది తీరదు. ఉన్న విండోస్ మెషీన్‌ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచి ఆ పనికే వాడుకోవడం, కొత్త పనుల్ని మెల్లగా యూనికోడ్‌కి మార్చుకోవడం అతని ముందున్న దారులు.

మావయ్య వారం రోజులు ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఆరు ఫిర్యాదులు. నెమ్మది: పెన్‌డ్రైవ్‌ది, ఎస్ఎస్‌డీలోకి ఎక్కించాక పోయింది. తెలుగు రాకపోవడం: కంపోజిటర్ మీట, తీరింది. అక్షరాలు చిన్నవి: సెట్టింగుల్లో 125 శాతం చేశాం. ప్యానెల్‌లో ఒత్తులు తెగడం: ఎత్తు పెంచాం. పాత ప్రింటర్ పలకకపోవడం: ప్రింటింగ్ చూసేది కప్స్, డెస్క్‌టాప్ కాదు, డ్రైవర్ ప్యాకేజీ వేశాక పలికింది. ఆరోది మెనూల్లో సగం తెలుగు, సగం ఇంగ్లిషు. అది అనువాదాలు పూర్తికాకపోవడం, ఏ మీట నొక్కినా తీరేది కాదు. కేడీఈ అనువాదాలు చేసేది స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళేనని చెప్పాను. "అయితే ఆ 'సెషన్' అన్నదానికి తెలుగులో ఏమంటార్రా?" అని అడిగి, నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పాడు.